సర్సో

ఆదివారం మిర్యాలగూడ అంగడి.
రైసుమిల్లుల తవుడు గాలికొచ్చి
నా తోటకూర మీద వాలుతుంటది,
నీళ్లు చిలకరించుకుంట కూసున్న.

కనురెప్పల మీద గూడ తవుడే ఉన్న పిలగాడు
గంప ముందు గొంతుక్కూసోని
చుక్కకూర తిప్పి జూసిండు,
గోంగూర వాసన జూసిండు,
"సర్సో హై, మాయీ?" అన్నడు.

సరసమా!
అరవై దాటినదాన్ని,
పళ్లూడినదాన్ని, నాతోనా!
అద్దకిలో రాయి చేతికొచ్చింది.

పక్కన ఎల్లిగడ్డల జానిమియా
గోనెపట్ట మీద వడి నవ్విండు.
నవ్వాగినంక చెప్పిండు:
ఆవాలకు బిహార్ దిక్కు ఆ పేరట,
ఆ ఆకు కూర కోసం అడుగుతుండట.

ఆవాల ఆకు తింటరా?
ఇన్నేండ్లు పోపుల చిటపటలాడుతుంటే విన్న గానీ
అదొక కూరని ఎన్నడు తలువలే.

ఆ రాత్రే పోపుడబ్బ తీసి,
తెల్లారి గుప్పెడు
బోరు కాడ గట్టుమీద చల్లిన.
"అత్తకు మతి పోయింది" అన్నది కోడలు పూలమ్మ.

చలి ముదిరేటాల్లకు ఆకులు అరచేతులంత.
తొమ్మిది కట్టలు గట్టి
ఆలగడప కాడ ఫస్టు బస్సెక్కిన.
ధర ఎంత చెప్పాల్నో తెలువలే.
ఊరోళ్లు ముట్టి జూసి
ముల్లంగా అనుకోని పోయిండ్రు.

పిలగాడొచ్చిండు. లఖన్ అట పేరు.
ఒక్కాకు తుంపి, నలిపి,
ముక్కు కాడ వెట్టుకున్నడు.
శానాసేపు తియ్యలే.
ఎవలో టమాటలు కిలో ఇరవై అని మొత్తుకుంటున్నరు.

ఎట్లొండుతరు అని అడిగితే
లఖన్ చేతులతో చెప్పిండు,
జానిమియా నోటితో చెప్పిండు.
ఎల్లిపాయలు నాలుగని లఖన్ ఏళ్లు జూపిస్తే
జానిమియా పదహారన్నడు.
ఎల్లిగడ్డలమ్మేటాయన మాట
ఎట్ల నమ్మాలె?

నేనైతే పప్పుల ఏసిన. చేదు.
చింతపండు పిండిన.
అప్పుడు మావోడు రెండోసారి వడ్డించుకున్నడు.
గిట్ల జేసిన అని చెప్తే
"ఇమ్లీ?" అని లఖన్ నెత్తి కొట్టుకున్నడు.
మల్లా వారం ఒక డబ్బ తెచ్చి
జర పెట్టుమన్నడు.

వడ్ల సీజను అయిపోంగనే
మిల్లు పిలగాండ్లు గుంపుగ రైలెక్కిండ్రు.
గట్టుమీద మిగిలినయి పచ్చగ పూసి,
కాయలు గట్టి, ఎండినయి.
దులిపి, చెరిగి, ఆ డబ్బలనే వోసిన.

ఇప్పుడు నూనె కాగి
చిటపటమన్నప్పుడల్లా
"సరసమా" అనుకోని ఒక్కదాన్నే నవ్వుత.
కోడలు మల్లా గదే మాటంటది.