ఎర కొట్టు పద్దు

సెతూబల్ రేవులో నాది ఎర కొట్టు.
గాలాల వాళ్ళు తెల్లారకముందే వస్తారు,
పురుగులకో పీతపిల్లలకో బేరమాడి పోతారు.
దియొలిండా మాత్రం చీకటిపడ్డాక వచ్చేది
మాడిన నూనె వాసనతో,
ఎంత తోమినా గోళ్ళ సందుల్లో మిగిలిన సిరా నలుపుతో.

ఆమె పనిచేసే హోటల్లో రోజుకి నలభై కిలోల కటిల్‌చేపలు
చీరి, తోలు వలిచి, పిండి అద్ది, మరిగే మూకుట్లో వేస్తారు.
ఆదివారమైతే ఊరంతా దానికోసం వరస కడుతుంది.
నేనూ కడతాను. నిమ్మకాయ పిండుకుని తింటాను.

"బతికున్న రొయ్యలు కావాలి. బియ్యపు నూకంతవి."
"ఏ చేపకి ఎర?"
"ఎర కాదు. అన్నం."

వల ముడిలో చిక్కిన గుడ్ల గుత్తి అట,
నల్లద్రాక్షలా ఉంటే చెత్తబుట్టలో వెయ్యలేక
కొంగులో చుట్టుకున్నట్టు ఏప్రన్‌లో చుట్టుకుని తెచ్చిందట.
పాత అద్దెవాళ్ళు వదిలేసిన గాజు తొట్టి ఉంది ఇంట్లో.
పదకొండు గుడ్లు. ఒక్కటే పిల్లయింది.
పేరు పెట్టలేదు.
పేరుపెడితే ఖర్చు పెరుగుతుందంది.

పెట్టకపోయినా పెరిగింది.
జూన్‌లో పద్నాలుగు యూరోలు.
ఆగస్టులో ముప్ఫై, అందులో పన్నెండు అరువు.
అక్టోబరుకి నూకలు పోయి చిటికెనవేలంత రొయ్యలొచ్చాయి,
పూటకి నాలుగు, పండగలేదు పబ్బంలేదు.
చల్లబెట్టిన రొయ్యని దారానికి కట్టి నీళ్ళలో ఊపి చూసిందట,
దొంగనోటుని చూసినట్టు చూసి వెనక్కి జరిగిందట.

బస్సు మానేసి నడిచేది.
కుడి దవడలో పన్ను పీకించుకోవాలి, వాయిదా.
నా ముందు రొట్టె తిన్నా ఎడమవైపే నమిలేది.
"ఆ హోటల్లో ఒక ప్లేటు ధరెంతో తెలుసా నీకు?" అన్నానొకసారి.
"నేనే కదా వడ్డించేది" అంది.

డిసెంబరు తుఫానుకి పడవలు కదల్లేదు వారంరోజులు.
చచ్చినవి కొన్ని, చావబోయేవి కొన్ని
బతికినవాటిలో కలిపి పూర్తి ధరకి అమ్మాను. నిజమే.
మర్నాడు బకెట్టు తెచ్చి బల్లమీద పెట్టింది.
"నన్ను మోసం చెయ్యొచ్చు అమీల్కర్,
దాన్ని చెయ్యలేవు. కదలనిదాన్ని ముట్టదు."

ఆ రాత్రి మంచి రొయ్యలు ఎనిమిది, డబ్బు తీసుకోకుండా
నేనే పట్టుకెళ్ళాను, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

తొట్టి మూల ఇసుక రంగులో ఇసుకై ఉంది.
బకెట్టు చప్పుడుకి మాత్రం లేచింది.
తొందరలో ఎవరో గీసిన అలలాంటి కనుపాపతో
ముందు బకెట్టుని చూసింది, తర్వాత నన్ను.
ఒంటిమీద మబ్బునీడలు పరిగెత్తాయి,
ఆగి, మళ్ళీ పరిగెత్తాయి.
రొయ్య నీళ్ళలో పడిందో లేదో
దాచిన రెండు చేతులు ఒక్క విసురు.
అంతే. రొయ్య లేదు.
ముప్ఫై ఏళ్ళుగా అమ్ముతున్నాను,
నా సరుకుని ఎవరైనా తినడం ఎదురుగా చూడ్డం అదే మొదలు.

ఆ తర్వాత డజనుకి పద్నాలుగు ఎంచి వేసేవాణ్ణి.
ఆమె ఎంచుకోలేదనుకున్నాను.
పద్దులో అదనపు రెండూ తన చేత్తో రాసుకునేదట, తర్వాత చెప్పింది.

మే నెలలో తినడం మానేసింది.
తెల్లబడింది, చేతుల కొనలు అరిగాయి.
వాటి ఆయుష్షే అంతట, ఏడాదికి కాస్త అటూ ఇటూ.
మొదటిసారి పట్టపగలు వచ్చింది దియొలిండా.
ముప్ఫైయొక్క యూరోల బాకీ, చిల్లరతో సహా.
కాగితంలో చుట్టిన తెల్లటి పెంకు,
దాని వెన్నులోది, సముద్రపు నురుగు గట్టిపడినట్టు.

ఏమనాలో తోచక త్రాసులో పెట్టాను.
ముల్లు కదల్లేదు.
ఏడాది రొయ్యలు.

తీసి మళ్ళీ కాగితంలో చుట్టుకుంది.
గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
"నూకంతవి ఈసారి ఎప్పటికొస్తాయి?"
ధర పెరిగిందన్నాను.
"తెలుసు" అంది.
కుడి చెంప వాచి ఉంది.