పైలం

రాత్రి ఎనిమిదీ నలభైకి కల్వకుర్తి బస్టాండుల
పల్లెవెలుగు కదులుతుంటే ఎక్కింది.
మోకాళ్ల దాక దుమ్ము,
వీపు మీద మనిషంత సంచి, సంచికి మూడు తాళాలు,
మెడల ఎర్ర ఈల.
దేవరకొండ ఖిల్లా చూడాలెనంట.

జీరో టికెట్ నీకు రాదమ్మా, ఆధారు ఉన్నోళ్లకే అంటే
సమజ్ గాలే, నవ్వుకుంట నోటిచ్చింది.
ఆ బస్సుల పైసలు గట్టి కూసున్న ఆడమనిషి
ఆమె ఒక్కతే.

డ్రైవర్ మొయినన్న వెనక సీట్ల ఒక పిలగాణ్ణి లేపి
ఆమెను కూసోబెట్టిన.
వంగూరు గేటు దాటినంక ఫోన్ల తెలుగు జేసి చూపిచ్చింది:
"మీ దేశము స్త్రీలకు క్షేమకరమైనదా?"
వాళ్ల సర్కారు చెప్పిందంట,
చీకటి వడ్డంక తిరగొద్దు, ఒంటిగ బస్సెక్కొద్దు,
ఎవ్వలిచ్చిన చాయ తాగొద్దు.
నాకు కడుపుల మండింది. ఎవ్వని దేశాన్ని ఎవ్వడంటున్నడు?
నోటి దాక వచ్చింది గని
వెనక సీట్ల నర్సింగు చదివే సుజల ఫోన్ల అంటున్నది,
"అన్నా, తాటికోలు స్టేజి కాడికి రా. టార్చి తే.
ఇంకో పది నిమిషాలు ముందే రా."

సేఫ్, అని చెప్పిన.
ఖాకీ తొడుక్కున్నదాన్ని, ఇంకేం జెప్పాలె.

డిండి దాటినంక రెండు స్టేజీలల్ల లైట్లు లెవ్వు.
ఆడ ఆడపిల్ల దిగితే
అవతల ఇంటి తలుపు తెరిచేదాక
మొయినన్న హెడ్‌లైట్లు తిప్పడు, గేరు వెయ్యడు.
లేటయితున్నదని ఒకపారి మెమో గూడ ఇచ్చిండ్రు.
గా మెమోను ఆమెకు ఏ భాషల చెప్పాలె?

సేఫ్ అన్న మాట మా అమ్మకు ఎన్నడూ ఎరుక లేదు.
డ్యూటీకి వొయ్యేటప్పుడు పైలం బిడ్డా అంటది,
నా బిడ్డకు బిడ్డ వుట్టినా అట్లనే అంటది.
సేఫ్ అంటే తొవ్వ ఎట్లున్నదో చెప్పే మాట.
పైలం అంటే తొవ్వ ముచ్చట తియ్యకుంట
నన్నే సూసుకొమ్మనే మాట.
ఇరవై రెండేండ్లు టికెట్లు గొట్టినంక
గీ ఫరక్ నాకు ఆ రాత్రి తట్టింది.

దేవరకొండల లాడ్జి పిలగాడు రిజిష్టరు మూసిండు.
సింగిల్ లేడీసుకు రూమియ్యం మేడం, లొల్లయితది.
ఆమె పాస్‌పోర్టు చూపిచ్చింది.
వాడు దాన్ని గాదు, గోడ మీది గడియారాన్ని సూసిండు.

ఇగ డిపో వెనక మా లేడీ కండక్టర్ల రూముకే తీస్కవొయ్యిన.
ఒక్క మంచం. ఫ్యాను దాని ఇష్టం.
తలుపుకు గొళ్లెం లేదు, మూడు అర్జీలు వెట్టిన.
టికెట్ మిషను పట్టీ తీసి కిటికీ కడ్డీకి కట్టవోతే
ఆమె నా ముడి ఇప్పి ఇంకో తీరుగ ముడేసింది,
పడవలోళ్లు ఏసే ముడంట. గుంజి సూసిన, కదలలే.

కాలరు కింద వెట్టుకునే పిన్నీసు తీసి చూపిచ్చిన.
ఆమె జేబులకెల్లి మిరపకాయ స్ప్రే తీసింది.
మా దేశానికొస్తున్ననని కొన్నవా అని అడిగితే
తల అడ్డం తిప్పి చాన సేపు ఫోన్ల ఏందో కొట్టింది.
"పాతది. నా నగరములో, పని నుండి గృహమునకు."
నేను సదివినంక
ఇద్దరం ఏం మాట్లాడలే.

ఆమె వండుకున్నది. ఈల మెడలనే ఉన్నది.
నేను గోడకు ఒరిగి కూసున్న, కుక్కలు మొరిగినప్పుడల్లా
పట్టీ దిక్కు సూసుకుంట.

తెల్లారగట్ల నోటుబుక్కుల రాసుకుంటున్నది.
మంచిగ రాస్తున్నదో చెడుగ రాస్తున్నదో, నాకేం ఎరుక.
గొళ్లెం సంగతి గూడ రాయి అన్న, తెలుగులనే.
సరే అన్నట్టు తలూపింది.
ఖిల్లా దిక్కు పొయ్యే ఆటో నంబరు ఫోటో తీసుకొని
పైలం అన్న.

ఆ మాటకు ఫోను తియ్యలే.
పై-లం, అని నాకు తిరిగి చెప్పింది.

ఐదూ పది సర్వీసుకు
పట్టీ మళ్ల భుజానికేసుకొని
ముందు ఆడోళ్లను లెక్కవెట్టిన.
పదకొండుమంది.