మే నెలల హీటర్

రాణీగంజ్ గల్లీల రేకుల షెడ్డు,
నలభై రెండు డిగ్రీలు,
నా ముంగట చలికాగే మిషన్.

వకుళ మేడం బండిది.
లోపల్నే మంచం, పొయ్యి, పుస్తకాల అర.
స్పితిల నడిరాత్రి బందైందట,
కిటికీ అద్దానికి లోపలి దిక్కే మంచు పేరుకున్నదట.
ఆమె చెప్తుంటె నేను చెమట తుడుసుకుంటున్న.

విప్పిన.
పాత డీజిల్ బెల్లం పాకం లెక్కైంది.
మంట గదిల వేలు పెడితె
గోరు సందు దాక మసి.
గ్లో ప్లగ్గు చుట్టు జాలి, చిటికెన వేలంత,
కన్నులన్నీ పూడుకపొయినయి.
గుండుసూదితోని ఒక్కొక్కటి తెరిపిచ్చిన.
లతీఫ్ పైపు నోట్ల పెట్టి ఊది
డీజిల్ తగిలితె తూ అని ఉమ్మిండు.

బిగించినం. వైర్లు కలిపినం.
ఉలుకు లేదు, పలుకు లేదు.
మళ్ల విప్పిన. మళ్ల బిగించిన.
పొద్దు వాలినంక తట్టింది:
దానికేం రోగం లేదు,
ఇంత ఉడుకుల ఇంక నేనెందుకని
ఊకున్నది.

లతీఫ్ ఉరికి చెరుకురసం బండి కాడ
ఐసుగడ్డ తెచ్చిండు.
గుడ్డల చుట్టి సెన్సారుకు ఆనిచ్చిన,
జరమొచ్చిన పోరగాని నొసటికి పెట్టినట్టు.

టిక్.
టిక్ టిక్.
పంపు గుటకలేసింది.
తెల్ల పొగ దగ్గి, దగ్గి, సన్నబడ్డది.
లోపల ఎక్కడ్నో మంట అంటుకున్న సప్పుడు,
ఎనుక ఉడుకు గాలి,
షెడ్డు ఉడుకు మీద ఇంకో ఉడుకు.
మేడం రెండు చేతులు సాపి
దాని ముంగట కూసున్నది, కండ్లు మూసుకోని.

నేను మంచు చూడలే.
ఉన్నదని మాత్రం
మిషన్‌ను నమ్మిచ్చిన.

కరగంగ మిగిలిన ముక్క
లతీఫ్ నోట్లేసుకున్నడు.
డీజిల్ వాసనొస్తుందన్నడు.
ఉమ్మలే.