మూడో చానెల్

పాకాల నుంచి వచ్చే దోవలో, ధర్మరాజుల గుడి ఎనకాల,
అద్దె షామియానా కింద
నా రాజ్యం ఇంతే:
రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఇనుప బల్ల,
దాని మీద లాప్‌టాప్, మిక్సర్,
చెమట తుడుచుకునే తువ్వాల.

ఒకటో కెమెరా రేషన్ షాపు మిద్దె మీద.
తపస్సు మాను మొదులు నుంచి చివర దాకా పడతాది.
రెండోది కింద, జనంలో, మొగిలీశు భుజం మీద.
నూరు అడుగుల కేబులు
నీళ్లు చల్లిన మట్టిలో, చెప్పుల కింద,
చెరుకురసం బండి చక్రం పక్కన పడుకోనుండాది.
"తొక్కితే బొమ్మ చస్తాది" అని పిల్లోళ్లను తరిమేదానికి
ఒక ముసిలాయన్ని పెట్టినా. కూలి రెండు టీలు.

శబ్దానికి మూడు దోవలు.
భాగవతార్ మైకు ఒకటి. హార్మోనియం, మద్దెల రెండు.
మూడోది అర్జునుడి రుద్రాక్షల పేట ఎనక,
గుండెకు జానెడు దూరంలో.

బయటికి పొయ్యేవి కూడా మూడే:
రెండు సిమ్‌లు కలిపిన డాంగిల్ గుండా యూట్యూబుకు,
చిత్తూరు కేబులోళ్లకు,
గుడి ముందర కట్టిన పెద్ద తెరకు.
ఆ తెర దాకా తీగ చాల్లేదు.
ఆకాశానికి పోయి తిరిగొచ్చిన బొమ్మనే అదీ చూపిస్తాది,
పదకొండు సెకన్లు ఆలస్యంగా.

చెంగల్రాయుడు దర్జీ.
ఏడాదంతా జాకెట్లు కుడతాడు,
ఎండాకాలంలో ఒక్కరోజు అర్జునుడు.
యాభై ఎనిమిదేండ్లు, మోకాళ్ల నొప్పి.
మెట్టుకొక పద్యం.
పద్యానికీ పద్యానికీ నడాన మైకు మూయమని
నాకెవరూ చెప్పలేదు.
హెడ్‌ఫోన్లో ఆయాసం,
చీల కిర్రుమన్న చప్పుడు,
"అమ్మా" అని చిన్నగా ఒక మాట,
మళ్లీ పెద్ద గొంతుతో శివుణ్ణి పిలవడం.

మాను చుట్టూ తడిచీరల్లో ఆడోళ్లు,
కొంగులు చాచి, తలలు పైకెత్తి.
పైనుంచి పడే నిమ్మకాయ
ఎవరి కొంగులో పడితే వాళ్ల ఒడి నిండుతాదంట.
కువైట్ నుంచి ఎవరో ఫోను:
"అన్నా, మా మరదలు నీలం చీర, రవంత చూపించన్నా."
మొగిలీశూ, నీలం చీర.
"యాడన్నా, నీలాలే ఇరవై ఉండాయి."

పైన చెంగల్రాయుడు సంచిలో చెయ్యి పెట్టినాడు.
మూడో చానెల్లో పచ్చ గీత సన్నంగా కదిలింది.
పద్యం కాదు, గుసగుస:
"కుప్పీ, రవంత కుడిపక్కకు జరుగు."

మీట కిందికి లాగేసినా.
వేలు ముందు పోయింది, ఆలోచన తర్వాత వచ్చింది.
ఎనిమిది వందల పన్నెండు మంది చూస్తాండారు,
వాళ్లకు మద్దెల ఒకటే మిగిలింది.
నా చెవికి దోవ వేరే. దాన్ని మూయలేదు:
"ఇరవై రెండేండ్లుగా చెప్తాండా కదే, కుడిపక్కకని."

రెండో కెమెరాని తిప్పమన్నా.
దొరికింది.
నెరిసిన తల, అందరి కంటే ఎక్కువ తడిసిన చీర,
ఈడు దాటిపోయిన నవ్వు, చాచిన కొంగు.
కుప్పమ్మ కుడిపక్కకు జరిగింది.
ఆమెకు హెడ్‌ఫోన్ లేదు.
ఎట్ల ఇనిందో, ఆ లెక్కకు
నాకాడ ఏ తీగా లేదు.

నిమ్మకాయ పడింది.
ఆమె కొంగు అంచుకు తగిలి ఎగిరి
ఏదో నీలంచీర ఒళ్లోకి పోయింది.
జనం కేకలు. ఫోన్లో కువైట్:
"అన్నా, కాయ ఇంకా యెయ్యనే లేదే!"
పెద్ద తెర మీద గూడా
చెంగల్రాయుడి చెయ్యి అప్పుడే సంచిలోకి పోతాండాది.
కుప్పమ్మ తెరవైపు తిరిగింది.
పదకొండు సెకన్లూ
కొంగు దించలేదు.

రాత్రి కేబుళ్లు చుడతాంటే
మొకం రంగు సగం కడుక్కోని వచ్చినాడాయన.
"పైన నేనేమన్నా అన్నానా? జనానికి ఇనపడిందా?"
"గాలి, అన్నా. ఉత్త గాలి."
"మంచిది" అని,
మైకుకు అంటిన విభూది పంచె అంచుతో తుడిచి
నా చేతిలో పెట్టినాడు.
దాని ఎర్ర దీపం ఇంకా ఎలగతానే ఉండాది.