మందుకి ముందు

అద్దానికి గుండ్రటి కంత, కోడిగుడ్డంత.
మాటలు దాన్లోంచే పోవాలి.
చేతులు మాత్రం అద్దమంతటా కనిపిస్తాయి.
ఆ సంగతి మా పాఠాల్లో లేదు.

ఎల్ ఆల్టోలో జూలై. కుళాయి మూతికి ఐసు.
ఆసుపత్రి మందుల గదిలో శిక్షణకొచ్చిన పన్నెండు మందిమి,
తెల్లకోట్ల మీద ఊలు శాలువాలు,
మాత్రలు లెక్కపెట్టే వేళ్ళు కొంకర్లు పోయేవి.

సతుర్నీనా తికోనా ఫైలు నా చేతికొచ్చింది.
థైరాయిడు. మూడు నెలల మాత్రలు, మూడు రక్తపరీక్షలు,
అంకె రవ్వంత కదల్లేదు.
అడుగున డాక్టరుగారి ఎర్రసిరా:
చెప్పిన మాట వినదు.

మోతాదు పెంచుదామన్నాం.
నియెవెస్ మేడం ఆ మూడు ముక్కల కింద గీత గీసి
"ఎవరు చెప్పారు?" అంది.

చెప్పింది అదెమార్.
వాడి అమ్మమ్మది ఐమారా. బడిలో వెక్కిరిస్తారని
వాళ్ళమ్మ ఆ భాషని కొడుక్కి సోకనివ్వలేదు,
అంటురోగాన్ని ఆపినట్టు.
ఇరవై రెండేళ్ళకి వాడు కోర్సులో చేరి
సొంత అమ్మమ్మ మాటల్ని
నోటుబుక్కులో రాసుకుని వల్లెవేశాడు.

గురువారం చీకటితోనే సంతకి వెళ్ళాం, ముగ్గురం.
నాలుగింటికే ఆవిడ దుకాణం పరిచింది:
మంచులో గడ్డకట్టించి ఎండబెట్టిన బంగాళదుంపలు,
ఏటి గులకరాళ్ళలా, నల్లగా.
పక్క బండి దగ్గర ఊదారంగు మొక్కజొన్న జావ
రెండు గ్లాసులు తాగింది.
గంట ఆగింది. గడియారం లేదు, మినీబస్సులు లెక్కపెట్టింది.
అప్పుడు శాలువా ముడి విప్పి మాత్ర మింగింది.
తొంభై రోజులు, ఒక్క పూటా తప్పకుండా.

"ఇంతే కదా? ఈ బాబే చూపించాడు, చేత్తో."

వాడన్నది: మాత్ర వేసుకో, తిండి గంట తర్వాత.
ఆ "తర్వాత" తడబడి కంతలో ఇరుక్కుంది.
చెయ్యి మాత్రం ధీమాగా ఎదురుగా చాచాడు,
రాబోయే గంట ఆ రోడ్డు మీదే నడిచొస్తున్నట్టు.

ఆవిడకి ఎదురుగా ఉండేది జరిగిపోయిందే.
చూసింది గనక కళ్ళముందుంటుంది:
మొన్నటి వడగళ్ళు, పోయిన మొగుడు, ఇందాకటి జావ.
రేపు వీపు మీదుంటుంది,
మూటగట్టిన పసిబిడ్డలా.
దాని మొహం ఎవరు చూశారు?

వాడు మాటలు నేర్చుకున్నాడు, చెయ్యి నేర్చుకోలేదు.

ఏం చెయ్యాలో తోచక కిలో దుంపలు కొన్నాడు, బేరమాడకుండా.
ఆవిడకి కోపమొచ్చింది. "ఇదేం కొనడం?"
తర్వాత వాడి మణికట్టు పట్టుకుని
భుజం మీంచి వెనక్కి తిప్పింది. "ఇలా."

ఆ సాయంత్రం పన్నెండు మందిమి వరసగా నిలబడి
భుజాల మీంచి చేతులు ఊపాం, ఈగలు తోలుకుంటున్నట్టు.
నవ్వు ఆగలేదు. మేడం నవ్వలేదు.
"మిల్లీగ్రాములు నాకూ తెలుసు,
ఒక్కొక్కరూ అద్దానికవతల నిలబడి రండి" అంది.

పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది:
ఈ మాత్ర రాత్రి పొద్దుపోయాక,
ఖాళీ కడుపున కూడా వేసుకోవచ్చని.
ఏ వేళకి నిద్రలేస్తావని ఆవిడని ఎవరూ అడగలేదు గనక
ఆ వాక్యం ఎవరికీ అక్కరపడలేదు.

మూడు నెలలకి అంకె దిగింది.
ఎర్రసిరా అలాగే ఉంది. కొట్టెయ్యడానికి
మాకు అధికారం లేదట. కాగితం మీద
సతుర్నీనా ఇప్పటికీ మాట విననిదే.

ఇప్పుడు నాకు వేరే ఊళ్ళో వేరే కిటికీ.
అద్దం తీసేయించాను. చలి నేరుగా వస్తుంది,
దగ్గులూ వస్తాయి, పైవాళ్ళ నోటీసూ వచ్చింది.
మందుకి ముందు
నా రెండు చేతులూ బల్లమీద కదలకుండా పెట్టి
అడుగుతాను: నాలుగింటికి ఎక్కడుంటావమ్మా?