ఎక్కడ మొదలైందంటే

ట్రాలీ మీంచి దించేటప్పుడు ఇంకా మసివాసన.
ఒకవైపు పసుపురంగు మిగిలే ఉంది, రెండోవైపు
టైర్లు కాలిపోయి ఉక్కుతీగల చుట్టలు.
ఉత్తర డకోటాలో అక్టోబరు. గాలి పొద్దుట్నుంచీ
మా తుక్కు యార్డు రేకుల్ని వాయిస్తోంది.

ఆర్డెల్ ష్లెప్ పికప్ దిగకుండానే అడిగాడు:
"ఎక్కడ మొదలైందో చెప్పగలవా, లవాన్?"

చెప్పగలను. ముప్పైయొక్క ఏళ్లుగా నా పని అదే.
చచ్చిన కంబైన్ల పొట్ట కోసి
రాగి ఓ పక్కకి, పోతఇనుము ఓ పక్కకి,
బతికున్న గేరు ఏదైనా ఉంటే అరలోకి.
అల్యూమినియం కరిగి కారి
వెండి పేడకడిలా గడ్డకట్టిందంటే
మంట అక్కడ తీరిగ్గా కూర్చుందని.

గోధుమ ఇంత తొందరపడదు.
పొద్దుతిరుగుడు వేరు.
కోత, నూర్పిడి, తూర్పారబట్టడం
మూడూ ఒక్క కడుపులో జరుగుతుంటే
ఎండిన పువ్వుల్లోంచి తెల్లటి నూగు లేస్తుంది,
దూదికన్నా తేలిక, పైగా నూనెగింజ ఇంట పుట్టింది.
గాలితో పోదు.
చలికి పిల్లి పొయ్యి వెతుక్కున్నట్టు
ఎర్రగా కాగిన టర్బో పక్కన ముడుచుకుంటుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
డ్రైవరుకి పొగ కనబడేసరికి
నిప్పుకి అప్పటికే ఇల్లూ వాకిలీ.

ఇది మాత్రం టర్బో కాదు.
కుడివైపు, ఎలివేటర్ కింద,
అరచేతిలో పట్టే బేరింగు.
గుండ్లు అరిగి పలకలు తేలాయి.
నీలం తిరిగిన ఉక్కు అబద్ధం చెప్పదు.
ఎన్నాళ్లు అరిచిందో,
ముందు సన్నగా, ఆనక కీచుమంటూ.
నేనేమీ అడగలేదు. అతనే అన్నాడు:
"రేడియోలో ధరలు చెబుతున్నారు.
సౌండు పెంచాను."

పద్నాలుగు డాలర్లు, ఆ బేరింగు.
మిషను ఎనభైమూడులో కొన్నది.
మూడు బ్యాంకులు, రెండు వరదలు,
ఒక విడాకులూ దాటొచ్చింది.
ఆరువేల నాలుగువందల పన్నెండు గంటల దగ్గర
మీటరు అంకెలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

తూకం వేశాం. తొమ్మిది టన్నుల చిల్లర.
టన్నుకెంతో చెప్పాను.
సరే అన్నాడు. బేరమాడలేదు.
అది నాకు నచ్చలేదు.

నిచ్చెనెక్కి గింజల తొట్టిలోకి వంగాను.
పైన బొగ్గు. జానెడు లోతుకీ బొగ్గే.
మోచేతిదాకా చెయ్యి దించితే
అడుగున, నిన్నటి వేడి ఇంకా పోకుండా
చార చెక్కుచెదరని గింజలు,
దోరగా వేగి.

టోపీ నిండా తెచ్చి పికప్ బానెట్ మీద పోశాను.
మా ముత్తాతలు నల్లసముద్రం ఒడ్డునుంచి
ఓడలో మోసుకొచ్చినవి రెండు:
బైబిలూ, ఈ గింజ నమిలే అలవాటూ.
బుగ్గలో గుప్పెడు పోసుకుని
చేతికి పని చెప్పకుండా నాలుకతో ఒలిచి
పొట్టు పెదవి కొసనుంచి ఊదెయ్యడం.

ఆర్డెల్ అప్పుడు దిగాడు.
చాలాసేపు నమిలాం. పొట్టు గాలికి పోయింది.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.
కాసేపాగి,
టన్నుకి ఇంకో ఇరవై వెయ్యమన్నాడు.