తాడు మీద పేలిక

బడివాళ్ళు పంపారు, వారం రోజులకి.
పేరు తేక్లా. పదహారేళ్ళు.
చేతిలో కాగితం: "నీవు ఎంచుకోదలచిన వృత్తి"
అని అచ్చు, కింద ఖాళీ గీత.
"ఇంజనీరింగ్ ఎలా ఉంటుందో చూసి రమ్మన్నారండీ."
ఎలా ఉంటుందీ!
పొద్దున ఆరింటికి చలిగా ఉంటుంది.
గోళ్ళ సందుల్లో గ్రీజు ఆదివారానిక్కూడా పోదు.

మా ఊరు లోయ. గనులు పైన, ఇళ్ళు కింద,
నడుమ గాలిలో నాలుగు ఇనపతాళ్ళు.
రేకుపెట్టెల్లో వేలాడుతూ జనం
పనికి పైకి, రొట్టెకి కిందికి.
జార్జియా పటంలో మేం ఓ నల్లచుక్క,
మాంగనీసు మసి అనుకుని తుడిచేస్తారు.

మొదటిరోజు లెక్కలేం చూపలేదు.
పాత బనీను చింపి పేలిక చేతిలో పెట్టాను.
"తాడు చుట్టూ పట్టుకో. మెల్లగా నడిపిస్తాను.
దారం చిక్కుకున్న చోట తీగ తెగినట్టు."
నా వంక చూసింది,
ఐదేళ్ళు చదివి నేర్చింది ఇదా అన్నట్టు.
ఆరు పాయలు, పాయకి పంతొమ్మిది తీగలు అన్నాను.
నూటపద్నాలుగు అని పెదాలు కదిలాయి.
గమనించాను, పైకి అనలేదు.

మంగళవారం కప్పీలో బేరింగు మూలిగింది.
బుధవారం వాన. టీ తాగాం.
పాత నమోదు పుస్తకాల్లో
ముప్పై ఏళ్ళనాటి నా కోడిగీతలు చూసి నవ్వింది.
ఒకచోట నవ్వాపి అడిగింది:
"ఇక్కడ ఐదు అని రాశారు. తర్వాతి పేజీ లేదేం?"

ఒక మెలిక పొడవులో ఆరు తెగితే తాడు ఆపాలి,
అది నిబంధన. నేను లెక్కపెట్టినవి ఐదు.
నడిపాను.
పాయ విచ్చుకుని కప్పీలో ఇరుక్కుంది.
పెట్టె నడిలోయలో ఆగిపోయింది,
మంచులో, పద్నాలుగు గంటలు.
నలుగురూ ప్రాణాలతోనే దిగారు.
నా తప్పేం లేదని విచారణ తేల్చింది.
ఆ నలుగురిలో నానూలి
ఈనాటికీ మెట్లెక్కే పైకి పోతుంది.
మూడువందల తొంభై. చలికాలం కూడా.

గురువారం, షిఫ్టు మారే వేళ,
మొదటి పెట్టె ఇంకా కదల్లేదు,
నేను అవతలి స్తంభం మీదున్నాను.
పేలిక చిక్కింది. మళ్ళీ చిక్కింది.
పిల్ల ఎర్రమీట లాగేసి
తాళంచెవి జేబులో వేసుకుంది.
"తాడూ బొంగరం లేని పిల్లా
మా కూలి కోసేది!" మేస్త్రీ ఓతారి గొంతు
స్తంభం దాకా వినిపించింది.
"ఏడు తెగాయి" అంది. గొంతు వణికింది.
చెవి మాత్రం ఇవ్వలేదు.

అరవైమంది తిట్టుకుంటూ మెట్లదారి పట్టారు.
సగం ఎత్తులో అలుపు తీర్చుకుంటున్న నానూలి
వెనక్కి తిరిగి చూసింది.
అన్నేళ్ళలో ఆ మెట్ల మీద
ఆమెకి తోడు రావడం అదే మొదలు.

సాయంత్రం కళ్ళద్దాలు పెట్టుకుని నేను లెక్కపెట్టాను.
ఐదు.
ఒక తీగని రెండుసార్లు పట్టింది,
ఒక జిడ్డుపోగుని తీగ అనుకుంది.
దాని చేతే మళ్ళీ లెక్కపెట్టించాను. చెవులు ఎర్రబడ్డాయి.
"అయితే నడపొచ్చా?"
గ్రీజుడబ్బా మూత ఎక్కడో పడిపోతే
చాలాసేపు వెతికాను.
కొత్త తాడు కావాలని ఆ రాత్రే ఉత్తరం రాశాను.

శుక్రవారం కాగితం నా ముందు పెట్టింది.
"విద్యార్థి ఈ వృత్తికి తగునా? అవును / కాదు."
రెండూ కొట్టేసి పక్కన రాశాను:
తాడు ఆపింది. లెక్క చూపమంటే చూపింది.
లెక్కలో తప్పులు రెండు.
ఆపడంలో లేవు.

సంతకం మీద బొటనవేలి జిడ్డు పడింది,
ఇంకో కాగితం పంపమంటారేమో.
ఆ ఖాళీ గీత మీద తనేం రాసుకుందో చూడలేదు.
చూడ్డం నా పని కాదు.
నా పని తాడు.